ప్రేరణ సభకు టెంటు ఉంది, పరుగుకు గీతలు లేవు

అయ్యా,

గత వారం మీ జిల్లా పేజీలో మూడు కాలమ్‌లు ఆక్రమించిన ప్రేరణ సభ వార్త మీద ఎవరైనా పీఈటీయో (వ్యాయామ మాస్టారో), పాత ఆటగాడో రాస్తారని ఆగాను. ఎవరూ రాయలేదు.

సభ సంగతి ఊరంతటికీ తెలిసిందే. మాజీ స్ప్రింటర్ ఒకాయన వచ్చారు, బడిపిల్లల్ని తోలుకొచ్చి ఎండలో కూర్చోబెట్టారు, టెంటు వేదిక మీది పెద్దలకి సరిపోయింది. వచ్చినాయన్ని నేను తప్పుపట్టను. కాళ్ల సత్తువ తగ్గాక ఆటగాడు మాటతో బతకడం గౌరవమైన పనే. బ్రిటన్‌లో అయితే క్లబ్బుల్లో విందు పెట్టి, అందరూ తిన్నాక ఇలాంటివారి చేత మాట్లాడిస్తారు. మన దగ్గర శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు పూర్తయ్యేదాకా పిల్లలకి భోజనం ఊసే లేదు.

ఇక సభలో పిల్లలకి చూపించిన ఆ వీడియో. 1992 బార్సిలోనా ఒలింపిక్స్, 400 మీటర్ల సెమీఫైనల్, బ్రిటన్ ఆటగాడు డెరెక్ రెడ్‌మండ్ తొడ వెనక కండరం తెగడం, తండ్రి పరిగెత్తుకొచ్చి పట్టుకుని నడిపించడం. ‘ఆఖరి స్థానంలో నిలిచినా’ అని మీ విలేఖరి రాశారు. ఏ స్థానంలోనూ నిలవలేదు. బయటివారి సాయం అందింది కనుక ఫలితాల్లో ఆ పరుగు పూర్తయినట్టు లెక్కే లేదు. ఇదే రెడ్‌మండ్ అంతకు ముందు ఏడాది, 1991 టోక్యో ప్రపంచ పోటీల్లో, 4×400 రిలే రెండో అంచె పరిగెత్తాడు. బ్రిటన్ 0.04 సెకన్ల తేడాతో అమెరికాని ఓడించింది. చివరి అంచె క్రిస్ అకబూసీది. ఇద్దరూ తర్వాత ప్రేరణ ప్రసంగాల్లోకే వెళ్లారు. ఆ రిలే చూపించి, ఇందులో వెనక్కి చూస్తూ బ్యాటన్ అందుకోవాలని, 4×100లో అయితే చూడకుండా చెయ్యి చాపాలని చెబితే పిల్లలకి ఒక ముక్క పనికొచ్చేది. కానీ కళ్లు తుడుచుకుంటేగాని మనవాళ్లకి సభ జరిగినట్టు ఉండదు.

కండరం తెగిన వీడియో చూపించి, వెంటనే గంటలకొద్దీ కదలకుండా కూర్చున్న పిల్లల్ని లేపి 100 మీటర్లు పరిగెత్తించారు! కండరం తెగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి లేదు. ముందు రెండు, మూడు చుట్లు మెల్లగా జాగింగ్, తర్వాత కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, మోకాళ్లు ఎత్తి గెంతడం, ఆపైన 60 మీటర్ల పరుగులు మూడో నాలుగో, ఒక్కోదానికీ వేగం పెంచుతూ. ఇరవై నిమిషాల పని. పూర్తి వేగంతో 60 మీటర్లు తీస్తే, మళ్లీ తీయడానికి ఆరు నిమిషాలైనా ఆగాలి. ఇక్కడ హీట్స్ (తొలి విడత పరుగులు) అయిన వెంటనే ఫైనల్ పెట్టేశారు, ముఖ్య అతిథికి ఇంకో ప్రారంభోత్సవం ఉందట.

పదో తరగతి అబ్బాయి ‘10.9 సెకన్ల సంచలనం’ దగ్గరికి వద్దాం. స్టార్టర్ విజిల్ ఊదాడు, ఆ చప్పుడు విని ముగింపు గీత దగ్గర గడియారం నొక్కారు. చప్పుడు 100 మీటర్లు రావడానికే దాదాపు 0.3 సెకన్లు. అందుకే పరుగు మొదలెట్టే తుపాకీ పొగ చూసి నొక్కమంటారు. తుపాకీ లేకపోతే రెండు చెక్కల క్లాపర్ చాలు, చెక్కలు కలవడం కంటికి కనిపిస్తుంది. పొగ చూసి నొక్కినా, ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే చేత్తో నొక్కే గడియారానికి 0.24 కలపాలి. రెండూ కలిపితే మీ సంచలనం 11.4 పైమాటే. పదో తరగతికి అదీ మంచి టైమే, అబద్ధం అవసరం లేదు. 1984 లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉషకి కాంస్యం పోయింది 0.01 సెకన్ల తేడాతో. మనం అర సెకను ఊరికే పంచిపెడుతున్నాం.

400 మీటర్లు ఇంకా ఘోరం. 200 మీటర్ల మైదానంలో రెండు చుట్లు, అందరూ ఒకే అడ్డగీత మీద నిలబడటం. 1.22 మీటర్ల వెడల్పు లేన్లు గీస్తే, బయటి లేన్ చుట్టు పొడుగు కనుక, చుట్టుకి లేన్ లేన్‌కీ 7.67 మీటర్ల చొప్పున ముందుకి జరిగి నిలబడాలి, రెండు చుట్లూ లేన్లలోనే పరిగెత్తితే ఇదంతా రెట్టింపు. టేపూ, తాడూ, ముగ్గుపిండి ఉంటే పూట పని. (కాల్చిన సున్నం వాడకండి, వట్టికాళ్లు బొబ్బలెక్కుతాయి.) కానీ గీసే పీఈటీ ఏడీ? ఒకాయన భోజనాల లెక్కల్లో, ఇంకొకాయన ఫోటోల అప్‌లోడ్‌లో.

వేదికెక్కిన ప్రతివారూ కోడి రామ్మూర్తినీ, కరణం మల్లీశ్వరినీ తలుచుకున్నారు. రామ్మూర్తి గారి వీరఘట్టం ఇప్పుడు మన్యం జిల్లాలో ఉందని కూడా ఎవరికీ గుర్తు లేదు. మల్లీశ్వరి 2000 సిడ్నీలో కాంస్యం తెచ్చింది చిన్నప్పటినుంచి బార్‌బెల్ ఎత్తి, ప్రసంగాలు విని కాదు. ఆ ఫ్లెక్సీల డబ్బుతో రెండు జతల స్టార్టింగ్ బ్లాకులు, 50 మీటర్ల టేపు, మూడు గడియారాలు కొని ఏ బడికైనా ఇవ్వొచ్చు. అధికారులకి అందులో ఫోటో రాదు, అంతే తేడా.

మీకు ఒక్క మనవి. ఇకమీదట పరుగు టైము వేసినప్పుడు, చేత్తో నొక్కే గడియారమా కాదా, పొగ చూసి నొక్కారా విజిల్ వినా, దూరం టేపుతో కొలిచారా అడుగులతోనా, ఆ మూడూ అడిగి వేయండి.

ఒక పాఠకుడు,
పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం