వృద్ధుల మందుల కవరు ఒక్కసారి విప్పి చూడండి: జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మన అనంతపురం వైపు వృద్ధులను ఆసుపత్రికి చేర్చే కారణాల్లో కొన్నిటిని ఇంటి గడప దగ్గరే ఆపవచ్చు. అర్జీల్లో ఇదే రాశాం. జవాబు రాలేదు గనుక నలుగురి ముందు పెడుతున్నాం.

ఒక మందుల కవరు విప్పండి. బీపీకి టెల్మిసార్టన్, నీరు తీసే మాత్ర, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్. ఈ మూడూ కలిస్తే చాలు, మూత్రపిండాలకు ముప్పు. మే నెల ఎండలో విరేచనాలు తోడైతే మనిషి రెండు రోజుల్లో మంచం పడతాడు. అదే కవర్లో చక్కెర జబ్బు మాత్ర గ్లిమెపిరైడ్ రెండు కంపెనీల పేర్లతో ఉంటుంది. అవ్వ రెండూ మింగి, ఆకలి లేదని సంగటి ముద్ద పక్కన పెడితే తెల్లారేసరికి చక్కెర పడిపోతుంది. మాట తడబడితే ఇంట్లోవాళ్లు పక్షవాతమనుకుంటారు.

ఇక పడిపోవడం. కూర్చోబెట్టి చూస్తే బీపీ బాగానే ఉంటుంది; లేచి నిలబడగానే తగ్గిపోయి మనిషి పడిపోతాడు. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక 1, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 తగ్గిందా, మోతాదు సంగతి డాక్టరు చూడాల్సిందే. తుంటి ఎముక విరిగాక చూసేదేముంది?

పింఛను నెలనెలా ఇంటికే వస్తోంది. ఆ వారంలోనే ఏఎన్ఎం వెళ్లి 65 దాటినవారి మందుల కవరు, బరువు, నిలబడినప్పటి బీపీ చూసి రాయాలని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. గ్లూకోమీటరు స్ట్రిప్పులు మార్చిలోపు ఆరోగ్య ఉపకేంద్రాలకు చేర్చండి. ఉత్తర్వు ప్రతిని గ్రామ సచివాలయాల బోర్డుల మీద అంటించండి.

ఇట్లు,
వృద్ధుల ఆరోగ్యం కోసం పనిచేస్తున్న కార్యకర్తలు