వాక్య ధ్యాన సహవాసం, చిత్తూరు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పోయినేడాది సర్వసభ్య సమావేశం ముగిసి టీ గ్లాసులు సర్దుతున్నప్పుడు, డిగ్రీ చదివే ఒక తమ్ముడు లేచి అడిగిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. "మా తాత క్రైస్తవుడు, మా నాయన క్రైస్తవుడు, అందుకే నేనూ క్రైస్తవుడినా? ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదన్నా." ఆ రోజు మాలో ఎవరమూ సరిగా చెప్పలేకపోయాం. ఈ సంవత్సరం మన చదువంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

జనవరిలో బైబిలు మొత్తం ఏడాదిలో పూర్తి చేయాలని మొదలుపెట్టాం. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, కొన్ని రోజులు నాలుగు చదివితేగాని పూర్తికాదు. ఆదికాండము ఇట్టే అయిపోయింది. లేవీయకాండము దగ్గర బండి ఆగిపోయింది. బలుల నియమాలు చదవలేక చాలామంది వెనకబడ్డారు, వెనకబడినవాళ్లు మొహమాటపడి ఉదయం కూడికకే రావడం మానేశారు. తప్పు వాళ్లది కాదు, ప్రణాళిక వేసిన మా కమిటీది. లెక్క పూర్తి కావాలనే టెన్షన్‌లో వినడం మరిచిపోయాం. మార్చిలో కమిటీ కూర్చుని, ఇకనుంచి రోజుకు ఒకే అధ్యాయం, పెన్సిలు చేతిలో పట్టుకుని, అని తీర్మానించింది. చదివాక రెండే ప్రశ్నలు. ఇందులో మనం ఎవరమని రాసుంది? ఈ పూట ఏం చేయమంటోంది?

ఆగిపోయిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాలని పెద్దలు పట్టుబట్టడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది. లేవీయకాండము 19వ అధ్యాయం చివర్లో త్రాసు, తూకం గుండ్లు న్యాయంగా ఉండాలనే ఆజ్ఞ ఉంది. అదే వచనంలో, ఊపిరి తీసుకోకుండా, ఐగుప్తులోనుంచి మిమ్మల్ని రప్పించిన దేవుడిని నేనే అని ఉంది. మామిడి మండీలో కాటా దగ్గర లెక్క రాసే మన సభ్యుడు ఆ ఉదయం పెన్సిలు పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. "నేను ఎవరి మనిషినో చెప్పడమూ, కాటా ఎట్లా పెట్టాలో చెప్పడమూ ఒకే వచనంలో ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ ఒకటి ఆదివారానికి, ఇంకొకటి మిగతా రోజులకు అనుకున్నాను" అన్నాడు.

తోతాపురి సీజను మొదలయ్యాక ఆయన చేసిన పని చిన్నదే. బరువు చూపించే డిస్‌ప్లే ఎప్పుడూ లెక్క రాసేవాడి వైపే తిరిగి ఉండేది. యజమానిని అడిగి, దాన్ని బండి దిగే రైతుకు కూడా కనపడేట్టు తిప్పి పెట్టాడు. తరుగు ఎంత తీస్తున్నదీ రైతుకు చదివి వినిపించి, ఆ తర్వాతే చీటీ చించి ఇచ్చాడు. యజమాని ఏమీ అనలేదు. సీజను అయ్యేదాకా డిస్‌ప్లే అట్లాగే ఉంది. మన సహవాసం ఈ ఏడాది చేసిన పనుల్లో మొదటగా రాయాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

మే నెలంతా అపొస్తలుల కార్యములు, 28 అధ్యాయాలు. 11వ అధ్యాయం చదివే వంతు ఆ డిగ్రీ తమ్ముడిదే వచ్చింది, మేము ఏర్పాటు చేసింది కాదు. బర్నబా, సౌలు (తర్వాత పౌలు) అంతియొకయ పట్టణంలో ఏడాది పొడుగునా సంఘంతో ఉండి బోధించారు. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచింది కూడా అక్కడే. చదివి, ఆగి, మళ్లీ చదివాడు. "అన్నా, ముందు ఏడాది నేర్చుకున్నారు, తర్వాతే ఆ పేరు రాసుంది. నాకు పేరు ముందొచ్చేసింది, నేర్చుకోవడం బాకీ ఉంది" అన్నాడు. క్రొత్త నిబంధన మొత్తంలో ఆ పేరు కనపడేది మూడు చోట్లే అని పాస్టరు గారు అప్పుడే చెప్పారు. వాటిలో మూడోది, పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలోది, ఆ పేరు కోసం బాధపడేవాళ్ల గురించి. అప్పటినుంచి ఈ తమ్ముడు ఒక్క ఉదయం కూడా మానలేదు.

జూన్, జూలైల్లో హాజరు బాగా తగ్గింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు చేసి వచ్చేవాళ్లను తెల్లవారి కూర్చోమనడం న్యాయం కాదు. వాళ్ల కోసం అక్కలిద్దరు రోజూ అధ్యాయం చదివి వాట్సాప్‌లో పంపారు.

1911లో జిల్లా ఏర్పడేదాకా మన చిత్తూరు ఉత్తర ఆర్కాటులో భాగం. అందుకే మన పెద్దల ఇళ్లల్లో ఇప్పటికీ తమిళ బైబిళ్లున్నాయి. యోహాను సువార్త మొదలుపెట్టినప్పుడు రెండూ పక్కపక్కన చదివించాం. మనకు "ఆదియందు వాక్యముండెను". తమిళంలో వాక్యం ఉన్నచోట "వార్తై" అని ఉంది. సంతపేట నుంచి వచ్చే అవ్వ ఆ మాట చదవగానే, తెలుగు పిల్లలు "వార్తా? న్యూసా?" అని అడిగారు. "మాటరా అబ్బాయ్, మాట. అయినా దేవుడు కబురు పంపకుండా యేసయ్యగా తానే వచ్చినాడు కదా, వార్త అన్నా తప్పులేదు" అంది అవ్వ. ఆ రోజు వేరే ప్రసంగం అవసరం పడలేదు.

మన అక్క ఒకామె భర్త ఆపరేషన్‌ కోసం వేలూరులో ఉండాల్సివచ్చింది. 119వ కీర్తన 22 భాగాలు, భాగానికి 8 వచనాలు. రోజుకొక భాగం మంచం పక్కన మెల్లగా చదువుకుంటుంటే, పక్క మంచం మీది పుంగనూరు పెద్దావిడ "నాకూ వినపడేట్టు చదువు తల్లీ" అందట. అన్న ఇప్పుడు కోలుకుని ఈ సమావేశానికి వచ్చాడు, దేవునికి స్తోత్రం.

జమాఖర్చుల పుస్తకం బల్లమీద ఉంది, అందరూ చూడవచ్చు. ఖర్చులో ఎక్కువ భాగం బైబిళ్లకు, పెన్సిళ్లకు, టీకి పోయింది.

వచ్చే ఏడాది మార్కు సువార్తతో మొదలుపెడతాం. 16 అధ్యాయాలే కాబట్టి రెండుసార్లు చదువుదాం. మొదటి సోమవారం ఉదయం ఐదున్నరకు కూడిక. మధ్యలో మానేసినవాళ్లు ఎక్కడ ఆగామో అని లెక్క చూసుకోకుండా నేరుగా రండి. కళ్లజోడు మరిచిపోయే పెద్దల కోసం పెద్ద అక్షరాల బైబిళ్లు ముందు వరసలోనే పెడతాం.

కార్యదర్శి