వైజ్ఞానిక ప్రదర్శనల్లో టాకిస్ శిల్పాలకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల వైజ్ఞానిక ప్రదర్శనల్లో అగ్నిపర్వతం, జలవిద్యుత్ కేంద్రం, సౌరకుటుంబం ఏటా కనిపిస్తూనే ఉంటాయి. ఈసారి గ్రీకు శిల్పి టాకిస్ పద్ధతిలో ఒక్క నమూనా అయినా పిల్లలచేత చేయించమని సైన్సు, డ్రాయింగు మాస్టర్లను కోరుతున్నాం.

టాకిస్ అసలు పేరు పనయోటిస్ వసిలాకిస్. 1925లో ఏథెన్స్‌లో పుట్టారు. శిల్పం ఏ బడిలోనూ నేర్వలేదు, అంతా సొంతంగా పట్టిన పనే. 1954లో పారిస్ చేరారు. రైల్వే సిగ్నళ్లు చూసిన ప్రేరణతో, గాలికి ఊగే సన్నని కడ్డీల 'సిగ్నల్స్' చేశారు. 1959 నుంచి అయస్కాంతాలతో పని మొదలుపెట్టారు. 1960 నవంబరులో, తొలి వ్యోమగామి గగారిన్ ఇంకా అంతరిక్షానికి వెళ్లకముందే, పారిస్ గ్యాలరీలో ఒక కవిని అయస్కాంతాల సాయంతో కాసేపు గాల్లో నిలిపారు. విద్యుదయస్కాంతం సూదిని లాగి తీగను మోగించే 'మ్యూజికల్స్' ఆ తర్వాత వచ్చాయి. 2019లో కన్నుమూశారు.

గాల్లో నిలిచే సూది చేయడం సులువు. పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని పైన చట్రానికి బిగించాలి. దబ్బనం చెవికి సన్న దారం కట్టి, రెండో కొసను కింద చెక్కకు కట్టాలి. మొనకూ అయస్కాంతం అంచుకూ మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే దబ్బనం నిటారుగా నిలుస్తుంది. దూరం కొంచెం పెరిగినా లాగుడు బాగా తగ్గి పడిపోతుంది. నైలాను దారం సాగి, తెల్లారేసరికి దబ్బనం అయస్కాంతానికి అతుక్కుపోతుంది. అందుకే ముందురోజు రాత్రి ఆ దారానికి బరువు వేలాడదీసి ఉంచాలి.

మోగే శిల్పమే అసలైన పాఠం. బోరు మోటార్లు బాగుచేసే వైండింగు షాపులో 30 గేజి ఎనామిల్ రాగి తీగ దొరుకుతుంది. 12 మిల్లీమీటర్ల మందం, 4 అంగుళాల పొడవు ఉన్న మెత్తని ఇనుప బోల్టుకు కాగితం చుట్టి, దానిపై 600 చుట్లు వేయాలి. ఇదే మన విద్యుదయస్కాంతం. నిరోధం సుమారు 6 ఓమ్‌లు వస్తుంది, అంటే 12 వోల్టుల బ్యాటరీపై 2 ఆంపియర్లు. ఇంటి కరెంటు జోలికి అసలు పోవద్దు. ఆపకుండా కరెంటు ఇస్తే తీగచుట్ట కాలిపోతుంది. 555 టైమరు (సమయం లెక్కించే చిన్న చిప్పు), రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి అర సెకను ఇచ్చి, రెండు సెకన్లు ఆపాలి. తీగచుట్టకు అడ్డంగా, తిరగేసి ఒక డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) వేయకపోతే రిలే పాయింట్లు నిప్పురవ్వలకు నల్లబడతాయి.

మూడడుగుల చెక్కపై ఇత్తడి వీణ తీగ బిగించాలి. ఉక్కు తీగ పెడితే అయస్కాంతం దాన్నే లాగి మోతను చంపేస్తుంది. తీగకు వెనక 5 మిల్లీమీటర్ల దూరంలో బోల్టు, ముందు 3 మిల్లీమీటర్ల దూరంలో దారానికి వేలాడే సూది ఉండాలి. కరెంటు ఆగాక కూడా సూది తీగకు ఆనుకునే ఉంటే బోల్టులో అయస్కాంతశక్తి మిగిలిందన్నమాట. దాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో నిదానంగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే తీగ చుట్టాలి. శబ్దం పెద్దగా వినపడడానికి బ్రిడ్జి (తీగను ఎత్తి పట్టే మెట్టు) కింద పియెజో బిళ్ల (కంపనాన్ని విద్యుత్తుగా మార్చే బిళ్ల) అతికించి యాంప్లిఫయరుకు కలిపితే సరి. బోల్టును మాత్రం వేరే స్టాండుకే బిగించాలి, లేదంటే నాదానికి బదులు టక్‌టక్ మనే చప్పుడే వినిపిస్తుంది.

జిల్లా స్థాయి నిర్వాహకులకు ఒక మనవి. ఈ నమూనాలకు ఫ్యాన్లు ఆపిన గది కేటాయించండి. న్యాయనిర్ణేతల్లో ఒక డ్రాయింగు మాస్టరునీ కూర్చోబెట్టండి.

- శిల్పకళ, విద్యుత్ పనుల్లో ఉన్న కొందరు మిత్రులు, ఒంగోలు