కాదన్నది దేశం, ఖరీదు కడుతున్నది చెరువు గట్టు

సంపాదకులకు నమస్కారం.

భారత్ ఎవరి ఒత్తిడికీ లొంగకుండా తన దారిన తాను నడవాలని మీ సంపాదకీయ పేజీలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. ఆ మాట నాకూ ఇష్టమే. చమురు ఎవరి దగ్గర కొనాలో, స్నేహం ఎవరితో చేయాలో ఢిల్లీ నిర్ణయించుకోవాలి. వాషింగ్టన్‌కు గానీ బీజింగ్‌కు గానీ ఆ అధికారం లేదు. అయితే పెద్ద దేశం ముఖం మీద ‘కాదు’ అన్నప్పుడు దానికొక ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు దేశమంతా పంచుకుంటోందా, లేక కొన్ని జిల్లాలే కడుతున్నాయా అన్న ప్రశ్న ఆ వ్యాసాల్లో నాకు కనిపించలేదు. నేను పశ్చిమ గోదావరి జిల్లా చెరువుల్లో వెన్నామీ రకం రొయ్యలు పెంచే రైతును. మా ఆయన పోయిన తర్వాత చెరువుల లెక్కలన్నీ నా చేతికి వచ్చాయి. ఆ లెక్కల పుస్తకం చూస్తూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు అదే నెల 27 నుంచి మరో 25 శాతం కలిపింది. మరీ చౌకగా అమ్ముతున్నామంటూ రొయ్యల మీద అంతకుముందే వేసిన యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీల పేరుతో వేసే సుంకం వీటికి అదనం. అమెరికా మార్కెట్‌లో మాకు గట్టి పోటీదారు ఈక్వెడార్. వాళ్ల రొయ్య మీద అప్పుడు పడింది 15 శాతమే. ఆ తర్వాత అంకెలు మారుతూ వచ్చాయి, ఇకముందూ మారతాయి. మా బతుకు ఎన్ని శాతమో సముద్రానికి అవతల ఒక మనిషి సంతకం తేలుస్తోందన్నది మాత్రం మారలేదు.

నిజానికి దెబ్బ ఆగస్టుకన్నా ముందే తగిలింది. ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన వెలువడగానే మా దగ్గర కొనుగోలు ధరలు దిగిపోయాయి. ఓడలో ఉన్న సరుకు సంగతి, శీతల గిడ్డంగిలో ఉన్న సరుకు సంగతి తేలేదాకా కొత్తది వద్దన్నారు. రొయ్యకు ఆ ఓపిక ఉండదు. ధాన్యమైతే బస్తాలకెత్తి మంచి ధర కోసం నెల రోజులు ఆగవచ్చు. చెరువులో ఉన్న రొయ్య రోజూ మేత తింటుంది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గే వేళకు కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ పోయాల్సిందే. చెరువులో మేత పెట్టి ఉంచే చెక్ ట్రే పైకి తీసి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా అని పూటపూటా చూసుకోవాలి. పెంకు మీద తెల్ల మచ్చ రోగం కనిపించిందంటే ధరతో పని లేదు, ఆ రోజే రొయ్యల్ని పట్టేయాలి. కిలోకు వంద తూగేది వంద కౌంటు. యాభై కౌంటు దాకా పెంచితే మంచి ధర వస్తుంది. కానీ అంతదాకా మోయాలంటే మేతకు అప్పు కావాలి, రోగం రాకూడదు. ఆ ఏప్రిల్‌లో నా పక్క చెరువు కౌలు రైతు ఇంకా ఎదగాల్సిన రొయ్యను వంద కౌంటు దగ్గరే పట్టేశాడు. ధర నచ్చి పట్టలేదు, మేత కొట్టువాడు అప్పు ఆపేశాడు కాబట్టి పట్టాడు.

ఇప్పుడు నా అసలు అభ్యంతరానికి వస్తాను. అమెరికా వేసిన సుంకం దేశం మీద వేసినట్టు కనిపిస్తుంది గానీ దేశమంతటి మీదా పడలేదు. మందులకు మినహాయింపు ఇచ్చారు, మొబైల్ ఫోన్లకు ఇచ్చారు. అవి వాళ్లకు కావాలి. పడింది తిరుప్పూర్ బనియన్ల మీద, సూరత్ వజ్రాల మీద, భదోహీ తివాచీల మీద, మా రొయ్యల మీద. అన్నీ వేల చేతులు కలిస్తే గానీ తయారుకాని సరుకులు. రష్యా చమురు లాభం ఎక్కడికి వెళ్లిందో కూడా చూడండి. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపు. తర్వాత అది మూడో వంతు దాకా పెరిగింది. చౌకగా వచ్చిన ఆ చమురు శుద్ధి కర్మాగారాలకు లాభం తెచ్చింది, ఖజానాకు ఊపిరి ఇచ్చింది. నా జనరేటర్ డీజిల్ ఆ మేరకు చౌక కాలేదు. లాభం ఒకరికి, జరిమానా మరొకరికి పంచి పెట్టి దాన్ని దేశ గౌరవం అంటే ఎలా ఒప్పుకోవాలి?

జరిమానా కట్టినవాళ్లలో రైతు పేరైనా పత్రికల్లో వస్తుంది. పీలింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల పేరు అసలు రాదు. మా ఊరి నుంచి ఉదయం చీకటితోనే కంపెనీ బస్సు ఎక్కుతారు. రోజంతా మంచు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తల తీయడం, పెంకు ఒలవడం, వీపు గీరి నరం లాగడం. సాయంత్రానికి వేళ్ల చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉంటాయి. ఆర్డర్లు తగ్గగానే వారంలో కొన్ని రోజులు బస్సు రావడం మానేసింది. నిన్నమొన్నటి దాకా నాట్లకు, కోతలకు వెళ్లిన ఇళ్లవి. ఈ జీతం మీదే వాళ్లు ఆడపిల్లల్ని డిగ్రీ, ఇంజినీరింగ్ చదివిస్తున్నారు. డెల్టాలో ఇరవై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఏమిటని నన్నడిగితే రొయ్యల చెరువుల కంటే ముందు ఈ చదువుల పేరే చెబుతాను. విదేశాంగ విధానం అన్న మాట ఎన్నడూ వినని తల్లి, దాని ఖర్చును కూతురి కాలేజీ ఫీజులో కడుతోంది.

ఈ దేశం ఇలాంటి ఒత్తిడి ఇంతకుముందు చూడలేదా? 1965, 66 కరువుల్లో మనం పీఎల్ 480 అనే ఆహార సాయం చట్టం కింద వచ్చే అమెరికా గోధుమ మీద బతికాం. వియత్నాం యుద్ధాన్ని మన ప్రభుత్వం తప్పుబట్టడం అధ్యక్షుడు జాన్సన్‌కు నచ్చలేదు. ఓడల్ని ఒక్కొక్కటిగా, ఆచితూచి వదిలాడు. ఆ అవమానం తర్వాత మన దేశం కేవలం ప్రసంగాలతో సరిపెట్టుకోలేదు. సుబ్రమణ్యం వ్యవసాయ మంత్రిగా, స్వామినాథన్ శాస్త్రవేత్తగా కొత్త వంగడాల్ని పొలాలకు చేర్చారు. 1965లో కోటీ 20 లక్షల టన్నులున్న గోధుమ ఐదారేళ్లలో 2 కోట్ల టన్నులు దాటింది. వరిలో ఐఆర్ 8 అనే అధిక దిగుబడి వంగడం వచ్చినప్పుడు దాన్ని ముందుగా నమ్మి వేసిన వాళ్లలో మా జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఒకరు. ఆ కథలో మనం మరచిపోతున్న భాగం ఒకటుంది. కొత్త వంగడం వేసిన రైతు ధర లేక మునిగిపోకుండా 1965 జనవరిలోనే భారత ఆహార సంస్థనూ వ్యవసాయ ధరల సంఘాన్నీ నిలబెట్టారు. అంటే దేశం స్వతంత్రంగా నిలబడటానికి అయ్యే ఖర్చులో ప్రభుత్వం తన భాగం తాను ఎత్తుకుంది. రొయ్య విషయంలో ఆ భాగం ఎవరు ఎత్తుకున్నారు?

2024-25లో దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు రొయ్యలే, కొన్నవాళ్లలో అందరికంటే ముందున్నది అమెరికా. ఒక్క కొనుగోలుదారు మీద అంతగా ఆధారపడవద్దని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు తెలియని ఇంకో సంగతి చెబుతాను. 2009లో వెన్నామీకి అనుమతి ఇచ్చినప్పటి నుంచి దాని తల్లి రొయ్యలు ఎక్కువగా హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో వస్తున్నాయి. చెన్నై క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీలకు ఇస్తారు. తల్లి అక్కడిదే, పిల్ల పెరిగి వెళ్లేదీ అక్కడికే. చెన్నైలోని కేంద్ర ప్రభుత్వ ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా మన తీరపు తెల్ల రొయ్య మీద, దాని జాతి మెరుగు మీద పనిచేస్తోంది. ఐఆర్ 8 రోజుల్లో పెట్టినంత పట్టుదల, డబ్బు దాని మీద పెట్టారా అని మన పార్లమెంటు సభ్యులు ఒక్కసారైనా అడగాలి.

రొయ్యలు ఒక్కటే కాదు, పిల్లల్నీ మేము ఆ తీరానికే పంపాం. మా అబ్బాయి టెక్సస్‌లో ఉన్నాడు. మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడికి పంపుతారని ఎదురుచూస్తున్నాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ఉత్తర్వు వచ్చాక కంపెనీలో ఆ మాటే ఎత్తడం లేదట. మా వీధిలో పెద్ద ఇళ్లలో ఇద్దరేసి ముసలివాళ్లు ఉంటున్నారు. చెరువు కాపలాకు ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలే దిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. ముఖ్యమంత్రి గారు ఎక్కువమందిని కనమని సభల్లో చెబుతున్నారు. 2027 జనగణన తర్వాత జనాభాను బట్టి పంచితే మన లోక్‌సభ స్థానాలు తగ్గుతాయేమోనన్న భయం కూడా ఆ మాటల వెనక ఉంది. ఆ భయం న్యాయమైనదే. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రానికి అది శిక్ష కాకూడదు. అయితే మా ఇళ్లలో చదువుకున్న కోడళ్లు, కూతుళ్లు సభల మాట విని పిల్లల్ని కనరు. పుట్టిన పిల్లలకు ఈ జిల్లాలో పని ఉంటుందా అని చూస్తారు. ఒక సంతకంతో చెరువులు ఎండిపోయే చోట, ఇంకో సంతకంతో పిల్లాడి వీసా ఆగిపోయే చోట వాళ్లకు ఏ ధైర్యం ఇస్తాం?

అమెరికా తలుపు మూస్తే చైనా వైపు తిరుగుదాం అనేవాళ్లు కూడా మా గట్టు మీద ఉన్నారు. చైనా మా రొయ్య కొంటుంది, కొననివ్వండి. కానీ 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మందిని పోగొట్టుకున్నాం. 2025 ఏప్రిల్‌లో అదే చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతికి కళ్లెం వేసి మన వాహన పరిశ్రమకు చెమటలు పట్టించింది. ఒక పెద్దవాడి చేతిలోంచి జారి మరో పెద్దవాడి చేతిలో పడటం స్వాతంత్ర్యం అనిపించుకోదు. ఆ లెక్కన 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం చేసిన ఒప్పందం లాంటివి నాకు నయంగా కనిపిస్తున్నాయి. అక్కడ మార్కెట్ చిన్నదే కావచ్చు, అలాంటివి పది ఉంటే ఎవరి బెదిరింపూ ఇంత దూరం రాదు.

కేంద్రం ఏమీ చేయలేదని అనను. 2025 నవంబరులో 25,060 కోట్లతో ఎగుమతుల ప్రోత్సాహక పథకం, 20,000 కోట్ల రుణ హామీ ప్రకటించారు. పేర్లోనే ఉంది, అది ఎగుమతిదారుకు. ఎగుమతిదారుకూ చెరువుకూ మధ్య కొనుగోలు ఏజెంటు, మేత కొట్టు, హేచరీ ఉన్నాయి. డెల్టాలో చెరువులు చేసేవాళ్లలో చాలామంది నోటి మాట మీద కౌలుకు తీసుకున్నవాళ్లు. వాళ్ల చేతిలో కాగితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు రాదు, బీమా రాదు, కరెంటు రాయితీ పేరు భూస్వామిది. చెరువుల సాగుకు ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్ లోపల ఒక కరెంటు ధర, గట్టుకు అవతల జోన్ బయట మరో ధర. పై నుంచి వదిలిన నీరు చివరి పొలానికి ఎందుకు చేరదో డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి నేను అడిగేవి గొప్ప కోరికలేమీ కావు. చౌక చమురు వల్ల మిగిలిన డబ్బులో కొంత భాగం, ఆ చమురు కారణంగా సుంకం పడిన జిల్లాల కోసం విడిగా ఉంచాలి. కౌలు రైతుకు చెరువు గుర్తింపు పత్రం ఇచ్చి, సుంకం పెరిగిన సీజనులో కౌంటును బట్టి కనీస ధర తేడాను నేరుగా అతని ఖాతాలో వేయాలి. షెడ్డుల్లో పని ఆగిన రోజులకు ఆడవాళ్లకు సగం కూలీ అయినా దక్కాలి. దేశంలో రొయ్య తినే ఇళ్లు పెరగాలంటే చిన్న పట్టణాల దాకా మంచు పెట్టెలు చేరాలి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక మీ పత్రికకు ఒక విన్నపం. వ్యాపార పేజీలో రోజూ సెన్సెక్స్, బంగారం, డాలరు ధర వేస్తున్నారు. రొయ్యల కౌంటు ధరలు మాత్రం మా జిల్లా అనుబంధం దాటి బయటకు రావు. వంద కౌంటు, యాభై కౌంటు, ముప్పై కౌంటు చెరువు గట్టు ధరల్ని డాలరు పక్కనే, అన్ని ఎడిషన్లలో వేయండి. హైదరాబాద్‌లో ఆ పేజీ చదివేవారికి, ఢిల్లీలో మా తరఫున కూర్చున్న సభ్యులకు, సుంకం గురించి వార్త వచ్చిన మర్నాడు ఆ మూడు అంకెలు ఏమయ్యాయో కనిపించాలి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
భీమవరం ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా.