ఎల్క్ వేటకు లెక్కే హద్దు కావాలి

సంపాదకులకు,

అమెరికాలోని కెంటకీలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. కిందటి సెప్టెంబరులో తెల్లవారుజామున రాష్ట్ర తూర్పు కొండల్లో మొదటిసారి ఎల్క్ అనే పెద్ద జింక, అదీ మగదాని కూత విన్నాను. అంత భారీ జంతువు గొంతులోంచి సన్నని ఈల! మంచు తెరలోంచి ముందు కొమ్ములు, తర్వాత ఒళ్లు కనిపించాయి. మన కణితి దాని పక్కన చిన్నదే. మా అబ్బాయి నా చెయ్యి వదల్లేదు.

ఒకప్పుడు ఇక్కడ విచ్చలవిడి వేటకు, అడవుల నరికివేతకు ఈ జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. 1997 డిసెంబరులో మొదట ఏడింటిని వదిలారు. 2002 నాటికి యూటా, కాన్సాస్ వంటి పశ్చిమ రాష్ట్రాల నుంచి దాదాపు 1,500 తెచ్చారు. బొగ్గు తవ్వేసి పూడ్చిన కొండలమీద మొలిచిన గడ్డే వాటికి మేతయింది. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

2001 నుంచి వేటకూ అనుమతి ఉంది, అదీ లాటరీలో పర్మిట్ తగిలినవాళ్లకే. దరఖాస్తు రుసుము పది డాలర్లు. వేట అనగానే నాకూ మనసు ఒప్పలేదు. కానీ తుపాకులు, తూటాల మీద పన్నును 1937 చట్టం వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించిందని తెలిశాక నా అభిప్రాయం మారింది.

నా విన్నపం ఒకటే. ఏటా పర్మిట్ల సంఖ్యను మందల లెక్క చూసే తేల్చాలి, రాబడి చూసి కాదు. ముఖ్యంగా ఆడ ఎల్క్‌ల విషయంలో. ఒక తల్లి పోతే వచ్చే ఏడాది పుట్టాల్సిన పిల్ల కూడా లేనట్టే.

– ఒక పాఠకుడు, లెక్సింగ్టన్, కెంటకీ