నా మెడ నొప్పికి మూలం పట్టుకున్నవారికి కృతజ్ఞతలు

కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగపు వైద్యులకు, అక్కడి ల్యాబు సిబ్బందికి, మా ఉన్నత పాఠశాలలోని తోటి ఉపాధ్యాయులకు, మా వీధివారికి నమస్కారాలు. జలుబు, జ్వరం తగ్గిపోయాక మెడలోని థైరాయిడ్ గ్రంథిలో మొదలైన ఒక జబ్బు నన్ను నెలల తరబడి కుంగదీసింది. ఇప్పుడు రక్తపరీక్షలన్నీ సక్రమంగా ఉన్నాయని వైద్యులు చెప్పారు. ఈ మేలు చేసినవారి పేర్లు వారి అనుమతి లేకుండా రాయలేను కానీ, వారు చేసినది ఎటువంటి మేలో మాత్రం వివరంగా చెప్పాలనుకుంటున్నాను. శ్వాసకోశానికి సోకిన వైరస్ శరీరంలోని హార్మోన్లను ఇంతగా తారుమారు చేయగలదని మా ఇంట్లోగానీ మా వీధిలోగానీ ఎవరికీ తెలియదు.

సంక్రాంతి సెలవులు ముగిసేనాటికి మా ఇంటిల్లిపాదికీ పడిశం, దగ్గు, జ్వరం వచ్చి పోయాయి. కొన్ని వారాలు గడిచాక నాకు మాత్రం మెడ ముందుభాగంలో, గొంతు ముడికి కొంచెం కింద, ఒక పక్కన నొప్పి మొదలై దవడకూ చెవికీ పాకింది. కొన్నాళ్లకు అదే నొప్పి రెండో పక్కకు మారింది. జొన్న రొట్టె ముక్క మింగాలంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, కూర్చున్నచోటే గుండె దడదడలాడేది, బోర్డు మీద రాస్తుంటే చేయి వణికేది, తిండి తింటున్నా బరువు తగ్గుతూ వచ్చింది. చెవికి సంబంధించినదేమోనని ఒకచోట, పంటికి సంబంధించినదేమోనని మరొకచోట చూపించుకున్నాను. చివరికి ఒక క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోను బాగా పడిపోయిందని, థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోను పెరిగిందని, థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని చెప్పి కార్బిమజోల్ మాత్రలు రాసిచ్చారు.

ఆ చీటీని స్టాఫ్ రూములో చూసిన మా జీవశాస్త్రం ఉపాధ్యాయిని, నాకంటే వయసులో చాలా చిన్నది, "నొప్పి ఉండే థైరాయిడ్ వేరే జబ్బు కావచ్చక్కా, మాత్ర మొదలుపెట్టే ముందర ఒకసారి పెద్దాసుపత్రికి పోదాం రాండి" అని పట్టుబట్టి, తాను సెలవు పెట్టుకొని నా వెంట వచ్చింది. తెల్లవారుజామునే ఓపీ చీటీ వరుసలో నిలబడింది కూడా తనే. ఆ చెల్లెలికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

అక్కడి వైద్యురాలు నా కాగితాలు చూడకముందే వెనుక నిలబడి రెండు చేతుల వేళ్లతో నా మెడను మెల్లగా నొక్కి చూశారు. నేను ఉలిక్కిపడి వెనక్కు జరగగానే, "ఈ మధ్య జలుబు, జ్వరం ఏమైనా వచ్చి పోయిందా అమ్మా?" అని అడిగారు. అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఒంట్లో వాపు ఉందేమో తెలిపే ఈఎస్సార్ రక్తపరీక్ష, మెడకు స్కానింగ్ చేయించి, ఈఎస్సార్ చాలా ఎక్కువగా ఉండటం చూశాక, ఇది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్, అంటే థైరాయిడ్ గ్రంథికి వచ్చే ఒక రకం వాపు, అని నిర్ధారించారు. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1904లోనే దీన్ని వర్ణించారట. అందుకే ఆయన పేరుతోనూ పిలుస్తారు. ఫ్లూ, గవద బిళ్లలు, మామూలు జలుబు తెచ్చే వైరస్‌ల తరువాత ఇది రావడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 2020 నుంచి కోవిడ్ తరువాత వచ్చిన కేసులు కూడా వెలుగులోకి వచ్చాయి. మగవారికంటే ఆడవారిలో, అందులోనూ నడివయసువారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

వరుసలో అంతమంది ఎదురుచూస్తున్నా, ఆమె నాకు అర్థమయ్యేదాకా చెప్పిన తీరును మరచిపోలేను. థైరాయిడ్ గ్రంథి తాను తయారుచేసిన హార్మోన్లను వెంటనే ఖర్చు చేయక, కొన్ని వారాలకు సరిపడా నిల్వ పెట్టుకుంటుంది. వైరస్ జ్వరం తరువాత గ్రంథిలో వాపు వచ్చి ఆ నిల్వ ఉండే అరలు దెబ్బతింటే, గాదెకు చిల్లు పడినప్పుడు గింజలు కారిపోయినట్టు, దాచిన హార్మోన్లన్నీ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చిపడతాయి. అందుకే గుండె దడ, వణుకు, చెమటలు. రక్తంలో హార్మోను ఎక్కువైందని గుర్తించిన, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను తగ్గించేస్తుంది. అంటే నా థైరాయిడ్ అతిగా పనిచేయడం లేదు. నిజానికి ఆ సమయంలో అది దాదాపు పని మానుకొని ఉంది. కార్బిమజోల్ కొత్త హార్మోను తయారీని ఆపే మందు కనుక, ముందే తయారై కారిపోతున్నదాని మీద దానికి పట్టు ఉండదు. ఈ ఒక్క వివరణ నన్ను నాకు అక్కరలేని మందు నుంచి తప్పించింది. మందు తప్పడం ఒక ఎత్తైతే, జీవితాంతం ఉండే జబ్బేమోనన్న భయం తొలగిపోవడం ఇంకో ఎత్తు.

గుండె దడకు కొన్నాళ్లు ప్రొప్రనొలాల్, వాపుకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రెండు రోజుల్లోపే మెడ నొప్పి తగ్గి, చాలా కాలం తరువాత కడుపునిండా అన్నం తిన్నాను. మందుల కౌంటరులో ఉన్న పెద్దాయన ఆ మాత్రలు చేతికిస్తూ, నొప్పి పోయిందని మధ్యలో మానేయకూడదని, వైద్యులు తగ్గించమన్నట్టే కొంచెం కొంచెంగా తగ్గించాలని, ఉదయం టిఫిను తిన్నాకే వేసుకోవాలని రెండుసార్లు చెప్పారు. శరీరంలో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోను కార్టిసాల్ ఉదయం పూట ఎక్కువగా ఉంటుంది; వారాల తరబడి బయటినుంచి స్టెరాయిడ్ అందితే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ వంతు తయారీని తగ్గించుకుంటాయి కనుక, ఒక్కసారిగా మానేస్తే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. మా అమ్మగారికి షుగరు ఉన్నందువల్ల నాకూ చక్కెర చూడమన్నారు. స్టెరాయిడ్ వల్ల మధ్యాహ్నం, సాయంత్రం చక్కెర పెరుగుతుందట. జ్వరం వచ్చినప్పుడల్లా అమ్మగారి షుగరు ఎందుకు పెరుగుతుందో కూడా నాకు ఆనాడే తెలిసింది. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు శరీరమే కార్టిసాల్‌ను పెంచుకుంటుందట.

తరువాతి దశ గురించి ముందే హెచ్చరించి ఉండకపోతే నేను చాలా బెదిరిపోయేదాన్ని. నిల్వ అంతా ఖాళీ అయ్యాక, గ్రంథి కోలుకొని మళ్లీ తయారీ మొదలుపెట్టేదాకా హార్మోను కొరత వస్తుంది. అంతకుముందు పడిపోయిన టీఎస్‌హెచ్ ఇప్పుడు పెరిగిపోయింది. కర్నూలు ఎండల్లోనూ నాకు చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, మెట్లెక్కలేనంత నీరసం. కొన్ని నెలలు తక్కువ మోతాదులో థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను మాత్ర ఇచ్చి, ఆ తరువాత ఆపి చూశారు. ఎక్కువ మందిలో గ్రంథి పూర్తిగా కోలుకుంటుందని, కొద్దిమందికి మాత్రమే మాత్ర శాశ్వతంగా అవసరమవుతుందని చెప్పారు. నాది కోలుకుంది.

స్టెరాయిడ్ ఆపిన తరువాత కూడా నీరసం తగ్గకపోవడంతో, ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష కూడా చేయించారు. 2003 నాటి సార్స్ అనే వైరస్ జబ్బు నుంచి కోలుకున్న 61 మందిని సింగపూర్‌లో పరిశీలించినప్పుడు 24 మందిలో కార్టిసాల్ తక్కువగా ఉన్నట్టు తేలిందని, వారిలో ఎక్కువ మందికి ఏడాదిలోపే సర్దుకుందని అప్పుడు విన్నాను. వైరస్ జ్వరం తరువాత మిగిలిపోయే నీరసాన్ని బద్ధకం అని కొట్టిపారేయకుండా పరీక్షించి చూసిన ఆ శ్రద్ధకు నా నమస్కారం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి: తీవ్రమైన జబ్బు ఏదైనా ఉన్నప్పుడు థైరాయిడ్‌లో ఏ లోపం లేకపోయినా టీ3 అనే మరో థైరాయిడ్ హార్మోను తాత్కాలికంగా తగ్గుతుంది. కనుక జ్వరం ముమ్మరంగా ఉన్నప్పుడు చేయించుకున్న థైరాయిడ్ పరీక్షను చూసి ఎవరూ తమకు తామే మందు మొదలుపెట్టవద్దని వైద్యులు మరీమరీ చెప్పారు.

నేను బడికి రాలేని రోజుల్లో పదో తరగతి పాఠాలు పంచుకున్న తోటి ఉపాధ్యాయులకు, పబ్లిక్ పరీక్షల ముందు నన్ను ఒక్క మాట అనకుండా విశ్రాంతి తీసుకోమన్న ప్రధానోపాధ్యాయులవారికి, రోజూ రాగి జావ కాచి పంపిన పక్కింటి పెద్దమ్మకు, పరీక్ష ఫలితాలు సాయంత్రంలోగా అందేలా చూసిన ల్యాబు అన్నకు వేనవేల కృతజ్ఞతలు.

ఏడాదికొకసారి టీఎస్‌హెచ్ చూపించుకోమన్నారు. ఈ జబ్బు తిరగబెట్టడం అరుదేనట, అయినా మెడ నొప్పి మళ్లీ వస్తే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. మన జిల్లాలో ఎవరికైనా జలుబు, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు మెడ నొప్పి చెవి దాకా పాకి, గుండె దడ కూడా ఉంటే, వైద్యులకు ఆ జ్వరం సంగతి తప్పక చెప్పండి. నా పరీక్షల కాగితాలన్నీ తేదీల వారీగా దాచి ఉంచాను. చూడదలచినవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.