పాదం నేల మీద మోపించి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో కాలి బొటనవేలి బుడిపె గురించి వచ్చిన వ్యాసం చదివాను. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. బునియన్ అన్నా ఆనెకాయ అన్నా ఒకటే అన్నట్టు రాశారు. మందుల దుకాణంలో దొరికే ఆనె పట్టీ వేస్తే చాలన్నారు. ఆనె అంటే ఒరిపిడికి గట్టిపడిన చర్మం. బునియన్ ఎముకల వ్యవహారం. బొటనవేలు పక్క వేళ్ల మీదికి ఒరిగి, దాని మొదట్లో కీలు బయటికి పొడుచుకొస్తుంది. ఆ పట్టీల్లో ఉండేది చర్మాన్ని కరిగించే శాలిసిలిక్ ఆమ్లం. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మీ మాట నమ్మి అంటించుకుంటే పుండు పడినా తెలియదు.

ముప్పై ఏళ్లు నిలబడి లెక్కలు చెప్పిన కాళ్లు నావి. కుడి బొటనవేలు ఒరిగి రెండో వేలిని పైకి నెట్టేసింది. మెట్టె ఒరుసుకుని రక్తం కారేది. చివరికి మెట్టెలు తీసి దేవుడి గూట్లో పెట్టుకున్నాను. మొదట వెళ్లిన ఆసుపత్రిలో రెండో కాలి చెప్పు విప్పమని కూడా అనలేదు. బల్ల మీద పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారు. యూరిక్ యాసిడ్ అయి ఉంటుందని, రక్తపరీక్ష అయినా లేకుండా, ఐదు నెలలు మాత్రలు మింగించారు. ఆ జబ్బయితే కీలు రాత్రికి రాత్రే ఎర్రబడి, కాలిపోతూ, దుప్పటి తగిలినా ఓర్వలేనంత బాధ పెడుతుంది. నా వేలు పదేళ్లుగా మెల్లగా ఒరుగుతూ వచ్చింది. ఎప్పటి నుంచి ఉందమ్మా అన్న ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు.

తరువాత చూసిన ఎముకల డాక్టరు రెండు చెప్పులూ విప్పించి నిలబెట్టారు, నడిపించారు. మీ అమ్మగారికి ఉండేదా అన్నారు. ఉండేది. వేలిని పైకీ కిందికీ వంచి నొప్పి ఎక్కడ పుడుతోందో పట్టుకున్నారు. పాదం మీద నాడి చూశారు. నైలాన్ పోగుతో అరికాలు తాకి తెలుస్తోందా అని అడిగారు. ఎక్స్‌రే ఆ తరువాతే, అదీ నిలబెట్టి. ఒంటి బరువు పాదం మీద పడితేనే ఎముకల అసలు వంపు కనబడుతుంది. ఫిల్ము మీద పెన్సిలుతో రెండు గీతలు గీసి కోణమానినితో కొలిస్తే వేలు ఒరిగిన కోణం 32 డిగ్రీలు వచ్చింది. 15 దాటితే బునియన్, 40 దాటితే తీవ్రం. పడుకోబెట్టి తీసిన పాత ఫిల్ములో 21 వచ్చింది. ఆ 21 కూడా అంతకుముందు ఎవరూ కొలవలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల పని అది.

నిలబెట్టి ఎక్స్‌రే తీయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, గట్టి చెక్క మెట్టు ఒకటి చాలు. కొత్త భవనాలకు శిలాఫలకాలు వేయించే అధికారులకు ఆ మెట్టు గుర్తుకు రాదు. ఆడవాళ్ల కాలి నొప్పి అనగానే ‘వయసు’ అని పంపేస్తారు. 1958లో హాంకాంగ్‌లో పోల్చి చూస్తే, బూట్లు తొడిగేవారిలో 33 శాతం మందికి బొటనవేలు ఒరిగి ఉంది, తొడగనివారిలో 2 శాతానికి లోపే. అయినా ఈనాటికీ బడి పిల్లల బూట్లకు పాదం పొడవు అడుగుతారే గాని వెడల్పు అడగరు. నా చేత్తో ఎన్ని కొలతల జాబితాలు రాసి పంపానో!

ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. మీ పత్రిక చదివి మా వీధిలో ఇద్దరు ఆ పట్టీలు కొన్నారు. అందులో ఒకామెకు ఇరవై ఏళ్లుగా షుగర్. నిన్న సాయంత్రం ఆమె కాలి పట్టీ నేనే తడిపి ఊడదీశాను. కింద చర్మం తెల్లగా నాని ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
తెనాలి